నిత్యత్వాన్ని కళ్లముందు ఉంచుకుని రోజులు గడపడం: విశ్వాసికి ఒక సమగ్ర మార్గదర్శి

తెలుగు సంఘాల్లో కాలం గురించి అందరం కలిసి ఆలోచించే రాత్రి ఒకటుంది. డిసెంబరు 31న వాచ్ నైట్ ఆరాధనలో పన్నెండు కొట్టే వేళకు సంఘమంతా మోకాళ్ల మీద ఉంటుంది. గడిచిన ఏడాది కాపాడినందుకు దేవునికి స్తోత్రం చెప్పి, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు అందుకుని ఇంటికి వస్తాం. ఆ రాత్రి మనసులో నిండే గంభీరత నిజమైనదే. అయితే సంక్రాంతి సెలవులు ముగిసేసరికి అది చెదిరిపోతుంది. కార్డు బైబిల్లో భద్రంగానే ఉంటుంది, మనం మాత్రం మళ్లీ పాత పరుగులో పడతాం. ఆ గంభీరతను మామూలు మంగళవారాల్లోకి, నెలాఖరు రోజుల్లోకి ఎలా తెచ్చుకోవాలో ఒక్కొక్క మెట్టుగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన కాలాన్ని తినేసే తెగుళ్లు రెండు: తొందర, వాయిదా. పిల్లవాడు ఏదో చెప్పబోతే "తర్వాత చెప్పు నాన్నా" అనడం తొందర. తమ్ముడితో మాటలు ఆగిపోయి మూడేళ్లయినా "చూద్దాంలే" అనడం వాయిదా. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి. పనికిరాని వాటి విషయంలో తొందర, ముఖ్యమైన వాటి విషయంలో వాయిదా. మన రోజులు ఎవరి చేతిలో ఉన్నాయో మరచిపోవడమే రెండింటికీ మూలం. "నా కాలగతులు నీ వశములో నున్నవి" అని 31వ కీర్తనలో దావీదు అంటాడు. ఆ మాటను నమ్మినవాడికి, అన్నీ తన ఆయుష్షులోనే పూర్తి చేసుకోవాలన్న ఆరాటం తగ్గుతుంది. ఈరోజు ప్రేమించవలసిన వాళ్లను రేపటికి నెట్టే ధైర్యమూ తగ్గుతుంది. కింద చెప్పే అభ్యాసాలన్నీ ఈ రెండు మార్పుల కోసమే.

మొదటి మెట్టు: నిత్యత్వం అంటే ఏమిటో సరిచూసుకోండి

నిత్యజీవం అనగానే చాలామందికి చనిపోయిన తర్వాతి సంగతే గుర్తొస్తుంది. సిలువ వేయబడడానికి ముందు రాత్రి యేసు చేసిన ప్రార్థన యోహాను సువార్త 17వ అధ్యాయంలో ఉంది. అద్వితీయ సత్యదేవుణ్ణీ, ఆయన పంపిన యేసుక్రీస్తునూ ఎరగడమే నిత్యజీవం అని ఆయన అక్కడ చెప్పాడు. ఆ ఎరుక ఈ లోకంలోనే మొదలవుతుంది. కాబట్టి నిత్యత్వాన్ని దృష్టిలో ఉంచుకోవడమంటే ఎప్పుడో రాబోయే రోజు కోసం కూర్చుని ఎదురుచూడడం కాదు, మరణం కూడా తెంచలేని సహవాసంలో ఇప్పుడే నడవడం.

ఇక్కడ దారి తప్పడానికి రెండు మలుపులున్నాయి. ప్రభువు రాకడ దగ్గరపడిందని చెప్పి పని మానేసినవాళ్లు తొలి శతాబ్దంలో థెస్సలొనీక సంఘంలోనే కనిపిస్తారు. పని చేయనొల్లనివాడు భోజనం కూడా చేయకూడదని పౌలు వాళ్లకు ఖండితంగా రాశాడు. రెండో మలుపు, రాకడకు తేదీ చెప్పడం. అమెరికాలో విలియం మిల్లర్ బోధను నమ్మిన వేలమంది 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని కాచుకున్నారు. కొందరు పొలాల్లో పంట కోయకుండా వదిలేశారు. తెల్లవారింది, వాళ్లకు మిగిలింది కన్నీళ్లే. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి 24లో ప్రభువే అంత స్పష్టంగా చెప్పిన తర్వాత, ఫోనులో తిరిగే తేదీల సందేశాలకు మనం ఒక్క నిమిషం కూడా ఇవ్వనక్కరలేదు. వాటిని చూసి పెద్దవాళ్లు భయపడతారు, పిల్లలు విశ్వాసాన్నే అనుమానిస్తారు. దయచేసి మరొకరికి పంపకండి.

అదే అధ్యాయం చివర ఒక దాసుడున్నాడు. యజమాని ఇంటివారికి తగిన వేళ అన్నం పెట్టడం అతని పని. యజమాని వచ్చినప్పుడు ఆ పని చేస్తూ కనబడినవాడే ధన్యుడని యేసు అన్నాడు. మెలకువగా ఉండడం గురించి చెబుతూ ప్రభువు చూపించిన బొమ్మ ఇది: వేళకు అన్నం వడ్డించే మనిషి. ఇంట్లో వంట చేసే తల్లి, వార్డులో మందులిచ్చే నర్సు, వేళకు బడి తలుపు తీసే టీచరు ఈ వచనాన్ని తమ గురించే చెప్పినట్టు చదువుకోవచ్చు.

రెండో మెట్టు: రోజులు లెక్కపెట్టండి, మనుషుల పేర్లతో

తొంభయ్యో కీర్తన మోషే ప్రార్థన. మన ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అని చెప్పి, "మాకు జ్ఞానహృదయము కలుగునట్లుగా చేయుము, మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని అడుగుతాడు. డెబ్బై ఏళ్లంటే దాదాపు 25,500 రోజులు. ఈ సంఖ్య విన్నప్పుడు కొంచెం ఉలిక్కిపడతాం గాని త్వరగానే మరచిపోతాం, ఎందుకంటే అంకె ఎవరి ముఖాన్నీ చూపించదు.

అందుకే మనుషులతో లెక్కపెట్టండి. ఒక కాగితం తీసుకుని మీ జీవితంలోని అయిదారుగురి పేర్లు రాయండి. మీ అమ్మగారికి 72 ఏళ్లు, మీరు డాలస్‌లోనో లండన్‌లోనో ఉండి రెండేళ్లకోసారి ఊరికి వస్తున్నారనుకోండి. ఆమె ఎనభై ఏళ్లు బ్రతికితే ఇంకా నాలుగుసార్లు కలుస్తారు. హైదరాబాదులో ఉంటూ ఏడాదికి రెండుసార్లు వెళ్తున్నా పదహారు సార్లే. మీ అబ్బాయికి పదేళ్లు అనుకోండి. పదో తరగతి అవ్వగానే హాస్టలున్న జూనియర్ కాలేజీలో చేర్చడం మన ప్రాంతంలో మామూలైపోయింది. అంటే రోజూ రాత్రి మీ పక్కన కూర్చుని అన్నం తినే కాలం ఇంకో అయిదారేళ్లే. ఆ తర్వాత వాడు ఇంటికి వచ్చేది సెలవులకే.

ఈ లెక్క రాసిన వెంటనే గుండె బరువెక్కుతుంది. అది సహజం, కాని అక్కడ ఆగకండి, కీర్తన కూడా అక్కడ ఆగలేదు. పన్నెండో వచనంలో లెక్క అడిగిన మోషే, పద్నాలుగో వచనంలో ఉదయాన నీ కృపతో మమ్మల్ని తృప్తిపరచమని అడుగుతాడు. మనిషి పొద్దున చిగిర్చి సాయంత్రానికి వాడిపోయే గడ్డి అని మొదట చెప్పిన అదే కీర్తన, "మా చేతిపనిని మాకు స్థిరపరచుము" అనే విన్నపంతో ముగుస్తుంది. గడ్డిలాంటి మనిషి తన చేతిపని నిలవాలని అడిగే ధైర్యం చేశాడంటే, అది నిత్యుడైన దేవుడు వింటున్నాడన్న నమ్మకమే.

కాగితం మీద ఉన్న పేర్లలో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఆ మనిషి కోసం ఒక్క పని ఇప్పుడే ఖాయం చేయండి. ఆదివారం సాయంత్రం ఫోను చేయడం కావచ్చు, వచ్చే నెలకు రైలు టికెట్టు కావచ్చు, రాత్రి భోజనం దగ్గర టీవీ కట్టేయడం కావచ్చు. అయిదుగురి విషయంలో ఒకేసారి తీర్మానాలు చేస్తే ఏదీ నిలవదు.

మూడో మెట్టు: ఒక వారం లెక్క రాయండి

చిన్న నోటుబుక్కు తీసుకోండి. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టి ఏడు రోజులు, రోజుకు మూడుసార్లు, గడిచిన గంటలు దేనికి వెళ్లాయో రాయండి. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం ఇల్లు చేరగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. పూర్తి వాక్యాలు అక్కరలేదు. "7 నుంచి 8.30 బస్సు", "9 నుంచి 10 ఫోను, వీడియోలు" అని రాస్తే చాలు. ఫోను వాడకం లెక్క ఫోను సెట్టింగుల్లోనే దొరుకుతుంది, దాన్నీ పక్కన రాయండి. ఈ ఏడు రోజుల్లో మారడానికి ప్రయత్నించవద్దు. ఉన్నది ఉన్నట్టు కనబడాలి.

వారం ముగిశాక ఆ పేజీలతో దేవుని సన్నిధిలో కూర్చుని, ప్రతి వరుస దగ్గరా ఒకే ప్రశ్న అడగండి: ఈ గంటను ఎవరికి ఇచ్చాను? ఎంత పని చేశానన్నది ఈ లెక్కకు సంబంధించిన ప్రశ్న కాదు. జ్వరంతో ఉన్న పిల్ల పక్కన కూర్చున్న మూడు గంటల్లో "పని" ఏమీ జరిగి ఉండకపోవచ్చు, అయినా అవి ఆ వారంలోకెల్లా మంచి గంటలు. మరోవైపు, ఎవరికోసమో తెలియకుండా పోయిన గంటలు కనిపిస్తాయి. మీరు విశ్రాంతి తీసుకోలేదు, ఇంట్లోవాళ్లతో లేరు, దేవునితోనూ లేరు. కత్తెర వేయాల్సింది అక్కడే.

ఈ లెక్కలో మరో రెండు చోట్ల ఆగి చూడమంటాను. మొదటిది ఆస్తి. లూకా 12లోని ధనవంతుడికి పంట బాగా పండింది. పాత కొట్లు విప్పి పెద్దవి కట్టాలని, చాలా ఏళ్లకు సరిపడా కూడిందని తన ప్రాణంతో తానే చెప్పుకున్నాడు. ఆ రాత్రే ప్రాణం అడగబడింది. అతను దొంగ కాడు, కష్టపడిన రైతే. ధాన్యాన్ని లెక్కపెట్టుకున్నాడు గాని రోజుల్ని లెక్కపెట్టుకోలేదు. ఫ్లాటు మీద ఫ్లాటు, ఊరి బయట ప్లాటు, వాటి కిస్తీల కోసం అదనపు డ్యూటీలు, ఇలా పదేళ్లు గడిచాక ఇల్లు సిద్ధమయ్యేసరికి పిల్లలు ఇంట్లో ఉండని కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో. తలదాచుకోవడానికి ఇల్లు అవసరం, దానికోసం కష్టపడటం తప్పు కాదు. మూడో ప్లాటు దగ్గర మాత్రం ఈ ఉపమానాన్ని భార్యాభర్తలు కలిసి ఒకసారి చదవాలి.

రెండోది పరిచర్య. ఇది చెప్పడానికి సంకోచం ఉన్నా చెప్పి తీరాలి. సోమవారం కుటీర ప్రార్థన, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల సాధన, ఆదివారం రెండు ఆరాధనలు. వీటన్నిట్లో ముందుండే మనిషి ఇంట్లో భార్యతో వారం మొత్తం మీద అరగంట మాట్లాడకపోతే, ఆ వారంలో ఏదో తప్పు జరుగుతోంది. "మార్తా, మార్తా, నీవనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు" అని యేసు చెప్పింది తనకే వంట చేస్తున్న మనిషితో. ఆయన కోసం చేసే పనిలో కూడా ఆయన్ని మరచిపోయే ప్రమాదం ఉందన్నమాట. రెండు కూడికలు మానుకోవలసి వస్తే మానుకోండి. పాస్టరుగారికి కారణం చెప్పండి, మంచి కాపరి అర్థం చేసుకుంటాడు.

నాలుగో మెట్టు: రోజుకు రెండు అంచులు కట్టండి

రోజు మధ్యభాగం మన చేతిలో ఉండదు. ఆఫీసు, ట్రాఫిక్కు, బంధువుల రాక, కరెంటు కోత దాన్ని నడిపిస్తాయి. ఉదయం మొదటి పావుగంట, రాత్రి చివరి పావుగంట మాత్రం చాలావరకు మనవే. ఈ రెండూ గట్టిగా ఉంటే మధ్యలో ఎంత కలత వచ్చినా రోజు చిరిగిపోదు.

ఉదయానికి ఒకటే నియమం: ఫోనుకంటే ముందు కీర్తన. ఇది ఆత్మీయ సలహాలా వినిపిస్తుంది గాని నిజానికి ఏర్పాటుకు సంబంధించిన సంగతి. ఫోను దిండు కింద ఉంటే ఎంత భక్తిపరుడైనా ముందు దాన్నే తీస్తాడు. రాత్రి దాన్ని హాల్లో ఛార్జింగుకు పెట్టి, నిద్ర లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి. లేచి ముఖం కడుక్కున్నాక ఒక కీర్తన పైకి చదవండి. తర్వాత ఆరోజు పనుల జాబితాను ప్రభువు ముందు చదివి వినిపించండి. ఆశ్చర్యమేమీ లేదు, ఆ జాబితా ఆయనదే. "ప్రభువు చిత్తమైతే బ్రతికి ఉండి ఇది అది చేద్దాం" అని చెప్పమని యాకోబు నేర్పాడు. మన పెళ్లి శుభలేఖల్లో, మీటింగుల ప్రకటనల్లో ఈ మాట అలవాటుగా వచ్చేస్తుంది. దాన్ని నిజంగా పలికితే జాబితాలో కొంచెం ఖాళీ వదులుతాం. దారిలో ఎదురయ్యే మనిషికి పది నిమిషాలు ఇవ్వగలిగే ఖాళీ అది. యాయీరు ఇంటికి వెళ్తూ యేసు దారిలో రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కోసం ఆగాడు. యాయీరు కూతురు చావుబ్రతుకుల్లో ఉంది, అయినా ఆయన తొందరపడలేదు. ఇద్దరూ బ్రతికారు.

ఇక రాత్రి. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను" అని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. ఇశ్రాయేలీయుల రోజు సాయంత్రంతో మొదలయ్యేది. ఆ వరుసలో చూస్తే మనిషి ముందు నిద్రపోతాడు, ఆ తర్వాతే పనిలోకి దిగుతాడు. అతను నిద్రపోతుండగా దేవుడు పని చేస్తూనే ఉంటాడు. 127వ కీర్తన కూడా ఇదే చెబుతుంది: వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పండుకుని కష్టార్జితం తినడం వ్యర్థం, తన ప్రియులు నిద్రిస్తుండగా ఆయన వాళ్లకు ఇస్తున్నాడు. కాబట్టి వేళకు పడుకోవడం కూడా విశ్వాసపు క్రియే. రాత్రి ఒంటిగంట దాకా మెలకువగా ఉండి పొద్దున్నే ప్రార్థన కుదరడం లేదని బాధపడేవాళ్లు, మార్చుకోవలసింది రాత్రి సంగతి.

పడుకునే ముందు మూడు ప్రశ్నలు చాలు. ఈరోజు దేవుని మేలు ఎక్కడ చూశాను? ఎవరి విషయంలో ప్రేమ తప్పాను? ఎవరితో సమాధానపడకుండా పడుకుంటున్నాను? పదహారో శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా తన సహచరులకు నేర్పిన రోజువారీ ఆత్మపరీక్ష దాదాపు ఇలాంటిదే, కథోలిక సన్యాసులు నేటికీ పాటిస్తారు. మూడో ప్రశ్నకు ఆధారం ఎఫెసీ 4:26. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదని పౌలు రాశాడు. భార్యాభర్తల మధ్య వచ్చిన తగాదా ఆ రాత్రే పూర్తిగా తీరకపోవచ్చు. "రేపు మాట్లాడుకుందాం, కాని నీ మీద నాకు ప్రేమ తగ్గలేదు" అని చెప్పి పడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఐదో మెట్టు: ఆదివారాన్ని ఇంట్లో ఆడవాళ్లకు కూడా ఇవ్వండి

విశ్రాంతి దినపు ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో చాలా వివరంగా ఉంది. నీవు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, నీ ఇంట ఉన్న పరదేశి, అందరూ విశ్రమించాలి. నీవు విశ్రమించినట్లు నీ దాసీ విశ్రమించాలని మళ్లీ నొక్కి చెబుతుంది. ఐగుప్తులో మీరు దాసులై ఉన్న సంగతి గుర్తుంచుకోమంటుంది.

ఇప్పుడు మన ఆదివారాన్ని చూడండి. తెల్లవారుజామున లేచి అమ్మ అల్లం వెల్లుల్లి నూరుతుంది, కోడికూర పొయ్యి మీద పెట్టి పిల్లల్ని తయారు చేస్తుంది, చీర కట్టుకుంటూనే అన్నం కట్టేస్తుంది. మందిరంలో ప్రసంగం సగం అయ్యాక ఆమె మనసు ఇంటి మీదకు పోతుంది, చుట్టాలు వస్తున్నారు. మధ్యాహ్నం అందరూ తిని పడుకుంటే ఆమె గిన్నెల దగ్గర ఉంటుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆదివారం సెలవు ఉండదు, ఉంటే యజమానురాలికి రెండింతల పని. ఈ ఇంట్లో విశ్రాంతి దినం ఆచరిస్తున్నారని చెప్పలేం.

మార్చడం కష్టమేమీ కాదు. కూర శనివారం రాత్రే వండండి, అందులో మగవాళ్లు చేయి వేయండి. ఆదివారం చుట్టాలు వస్తే పప్పు, పచ్చడి, పెరుగు చాలని ముందే చెప్పండి. గిన్నెలు పిల్లలూ తండ్రీ కడగాలి. పనిమనిషికి ఆదివారం సెలవివ్వండి, జీతం కోయకుండా. మధ్యాహ్నం రెండు గంటలు అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయండి. ఆ రెండు గంటల్లో ఏం చేయాలో తోచకపోతే మరీ మంచిది. ఆసుపత్రుల్లో, పోలీసు శాఖలో, ఆర్టీసీలో ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్లు వారంలో మరో రోజును ఇలాగే కాపాడుకోవాలి.

ఆరో మెట్టు: ఏడాదికీ ఒక నడక ఉందని గుర్తించండి

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కథోలిక సంఘాలకు చర్చి పంచాంగం ఉంది. స్వతంత్ర సంఘాల్లో చాలామందికి దానితో పరిచయం లేదు, తెలుసుకుంటే మేలే జరుగుతుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, ఎదురుచూడడం నేర్పే కాలం. భస్మ బుధవారంతో మొదలై, ఆదివారాలు మినహా నలభై రోజులు శ్రమల కాలం. తర్వాత ఈస్టరు, పెంతెకొస్తు. ఏడాదంతా క్రీస్తు జీవితం వెంట నడుస్తాం.

మన దగ్గర డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. ప్రతి కాలేజీలో, ఆఫీసులో, వీధిలో కేకు, పాటలు, భోజనాలు. సంతోషం మంచిదే, పొరుగువాళ్లతో పంచుకోవడం ఇంకా మంచిది. కాని ఇరవై అయిదో తేదీ వచ్చేసరికి గొంతులు బొంగురుపోయి, మనసులు అలసి ఉంటాయి. ఎదురుచూడకుండానే పండుగ అయిపోతుంది. ఆగమన కాలంలో వారానికి ఒక రాత్రయినా ఇంట్లో దీపం వెలిగించి, యెషయా గ్రంథంలో ఒక భాగం చదివి, మౌనంగా కూర్చోవడం మొదలుపెట్టండి.

నవంబరు 2న చాలా ఊళ్లలో సమాధుల పండుగ జరుగుతుంది. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పునరుత్థానాన్ని గురించి పాడతారు. పిల్లల్ని తప్పక తీసుకువెళ్లండి. తాత పేరు రాతి మీద చదివించండి, ఆయన ఎలా ప్రార్థించేవాడో చెప్పండి. మరణాన్ని దాచిపెట్టిన ఇంట్లో పిల్లలకు పునరుత్థానం అర్థం కాదు.

ఏడో మెట్టు: మీ ఆయుష్షులో పూర్తికాని పని ఒకటి ఎత్తుకోండి

తొందరకు దీన్ని మించిన మందు నాకు తెలియదు. ఇందుకు ఉదాహరణ మన ఒంగోలులోనే ఉంది.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది 1836లో. ఏళ్లు గడిచినా నెల్లూరులో పిడికెడుమందే విశ్వాసులు. ఖర్చు దండగ, మూసేద్దామన్న చర్చ అమెరికాలో పదేపదే జరిగింది. ఆ రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న గుట్ట ఎక్కారు. కింద కనబడుతున్న ఊళ్ల కోసం మోకరించి, ఇక్కడికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వెంటనే ఏమీ జరగలేదు. ఆ సేవకుడు, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే ఆ ప్రార్థనకు పన్నెండేళ్ల తర్వాత.

1876లో మహా కరువు మొదలైంది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. సువార్తికులే మేస్త్రీలుగా నిలబడి, విశ్రాంతి వేళల్లో జనం మధ్య కూర్చుని వాక్యం చెప్పారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం అందుతున్నంతకాలం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని ఆగాడు. లెక్కలు చూపించి మిషన్‌ను మెప్పించగలిగే సమయంలో ఏడాదికి పైగా చేతులు కట్టుకుని ఉండడం చిన్న విషయం కాదు. సాయం ఆగిన తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు ఊరి చివర మాదిగవాడల నుంచి వచ్చినవాళ్లు. గుట్ట మీది ప్రార్థనకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు దాటాయి. ఆ గుట్టను ప్రార్థన కొండ అంటారు.

గుంటూరులోనూ ఇలాంటి ఓర్పే కనిపిస్తుంది. లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ అక్కడికి వచ్చింది 1883లో, ఆసుపత్రి తెరిచింది 1898లో. ఆ మధ్య ఏళ్లలో ఇళ్ల వెంట తిరిగి, చిన్న గదుల్లో వైద్యం చేసింది. 1930లో అదే ఊళ్లో కన్నుమూసింది.

మీ పని అంత పెద్దది కానక్కరలేదు. సండేస్కూల్లో ఒక తరగతిని పదేళ్లపాటు పట్టుకోవడం కావచ్చు. తాగుడులో ఉన్న బావమరిది పేరు రోజూ ప్రార్థనలో ఎత్తడం కావచ్చు. చదువు ఆగిపోయిన ఒక అమ్మాయి డిగ్రీ దాకా ఫీజు కట్టడం కావచ్చు. మొదలుపెట్టిన తేదీని బైబిలు చివరి పేజీలో రాయండి. మొదటి మూడేళ్లు ఫలితం కోసం చూడకండి. మీ తర్వాత ఆ పని ఎవరు చేస్తారో ఆలోచించి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. మీ ప్రయాస ప్రభువునందు వ్యర్థం కాదని 1 కొరింథీ 15 చివరి వచనం చెబుతుంది. ఆ మాట వచ్చింది పునరుత్థానాన్ని గురించిన పొడవైన అధ్యాయం ముగింపులో. క్రీస్తు లేచాడు కనుకనే చేసిన పని మట్టిలో కలిసిపోదని పౌలు వాదన.

ఎనిమిదో మెట్టు: వాయిదా వేసినవి తీర్చేయండి

ఇక్కడ ఆత్మీయ విషయాలూ కాగితాలూ కలిసే ఉంటాయి. మొదట క్షమాపణ. ఎవరిని అడగాలో మీకు తెలుసు. పొడవైన సందేశాలు రాయకండి, వెళ్లి కలవండి, కుదరకపోతే ఫోను చేయండి. "ఆరోజు నేనన్న మాట తప్పు, క్షమించు" అని చెప్పి ఆగండి. "కాని నువ్వు కూడా" అనే వాక్యం మొదలుపెట్టవద్దు. అవతలివాళ్లు ఒప్పుకోకపోయినా మీ వంతు తీరినట్టే. సాధ్యమైతే మీ చేతనైనంతమట్టుకు సమస్త మనుషులతో సమాధానంగా ఉండమన్నాడు పౌలు, అంతవరకే మన బాధ్యత.

తర్వాత వీలునామా. దాని మాట ఎత్తితే అపశకునమని విశ్వాసులు కూడా అనుకోవడం నన్ను బాధపెడుతుంది. పునరుత్థానాన్ని నమ్మేవాడికి ఆ భయం తగదు. క్రైస్తవుల వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యను లేదా భర్తను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, మళ్లీ రాయాలి. బ్యాంకులో నామినీ పేరు ఇచ్చినంత మాత్రాన వీలునామా రాసినట్టు కాదు. కూతుళ్లకు వాటా రాయండి. కట్నం ఇచ్చాం కదా అనే లెక్క దేవుని ఎదుట నిలబడదు.

చివరగా ఒక కవరు సిద్ధం చేయండి. ఖాతాల వివరాలు, బీమా పత్రాలు, అప్పులు, ఎవరికి ఎంత ఇవ్వాలి, మీ భూస్థాపన ఆరాధనలో ఏ వాక్యం చదవాలి, ఏ పాటలు పాడాలి, ఖర్చు ఎంతకు మించకూడదు. కవరు ఎక్కడుందో ఇద్దరికి చెప్పండి.

తొమ్మిదో మెట్టు: పని చేయలేని రోజుల కోసం

పైన చెప్పినవాటిలో చాలావరకు కాళ్లూ చేతులూ ఆడేవాళ్లకే. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు, డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు వెళ్లేవాళ్లు, మతిమరుపు వచ్చిన తల్లిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే కోడళ్లు ఇదంతా చదివి, మా కాలం వృథా అవుతోందా అని అడగవచ్చు. వృథా కావడం లేదు. "మా బాహ్య పురుషుడు కృశించుచున్నను ఆంతర్య పురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు" అని 2 కొరింథీ 4లో రాసింది దెబ్బలు తిన్న మనిషి, పౌలు. శ్రమను ఆయన నిత్యమైన మహిమ భారంతో తూచాడు గాని, చేసిన పని పరిమాణంతో తూచలేదు.

ఇలాంటి రోజుల్లో పై అభ్యాసాలన్నీ పక్కన పెట్టి రెండింటినే పట్టుకోండి. రోజుకు ఒక కీర్తన, చదవలేకపోతే ఎవరితోనైనా చదివించుకోండి. రోజుకు ఒక మనిషి పేరు ప్రార్థనలో. సంఘంలో ఉన్నవాళ్లు చేయవలసింది కూడా ఉంది. మంచం పట్టినవాళ్ల ఇంటికి కుర్చీ లాక్కుని కూర్చునేంత తీరికతో వెళ్లండి. ప్రార్థన చేసి రెండు నిమిషాల్లో లేచిపోవద్దు. కనిపెట్టుకుని ఉండే కోడలిని ఒక పూట బయటికి పంపి, ఆ పూట మీరు కూర్చోండి.

తొమ్మిది మెట్లూ ఒకేసారి ఎక్కమని ఎవరికీ చెప్పను. ఈ ఆదివారం సాయంత్రం నోటుబుక్కు తీసి వారం లెక్క మొదలుపెట్టండి, అది ముగిశాక రాత్రి ఫోను హాల్లో పెట్టి పడుకోండి. ఆ అలవాటు నెల రోజులు నిలిచాక, మూడోదిగా మీ ఇంటికి ఏది అవసరమో భార్యాభర్తలు కలిసి ఎంచుకోండి. మధ్యలో ఒక వారం తప్పితే, ఆ వారాన్ని దేవునికి అప్పగించి మళ్లీ ఆదివారం నుంచి మొదలుపెట్టండి.